జనం డబ్బుతో తొలి సినిమా తీయబోతున్న దర్శకులకు బహిరంగ లేఖ

మిత్రులకు,

స్క్రిప్టు పూర్తయి, నటులు కుదిరి, నిర్మాత మాత్రం దొరక్క క్రౌడ్‌ఫండింగ్ వైపు, అంటే ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టి జనం దగ్గర తలా కొంత అడిగే పద్ధతి వైపు, చూస్తున్న దర్శకులందరికీ ఈ ఉత్తరం. మేం స్వతంత్ర సినిమాలకు బడ్జెట్లు వేసేవాళ్లం, షెడ్యూళ్లు రాసేవాళ్లం, ఎడిటింగ్‌లోనూ మిక్సింగ్‌లోనూ పనిచేసేవాళ్లం. డబ్బు ఎలా అడగాలో చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. మా విన్నపం ఇంకొకటి. క్యాంపెయిన్ పేజీ తెరవకముందే, సినిమా తెర మీదికి చేరేదాకా అయ్యే ఖర్చంతా కాగితం మీద పెట్టండి. ఆ కాగితాన్ని డబ్బు ఇచ్చేవాళ్లకు చూపించండి. టార్గెట్ చేరక ఆగిపోయిన క్యాంపెయిన్లు అందరికీ కనిపిస్తాయి. టార్గెట్ చేరి కూడా పూర్తికాని సినిమాలు హార్డ్ డిస్కుల్లోనే ఉండిపోతాయి. మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది ఈ రెండో రకమే. లెక్క ముందే సరిగా వేసుకుని ఉంటే వాటిలో చాలావరకు పూర్తయ్యేవి.

జనం దగ్గర తలా కొంత తీసుకుని సినిమా తీయడం ఇంటర్నెట్‌తో మొదలైన పని కాదు. 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన 'మంథన్'కు గుజరాత్ పాల సహకార సంఘాల రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు ఇచ్చారు. ఆ ఐదు లక్షల సంఖ్యనే అందరూ చెప్పుకుంటారు. మేం మాత్రం దాని వెనకున్న ఏర్పాటును చూడమంటాం. ఆ రైతులు అప్పటికే సంఘాల్లో సభ్యులు. డబ్బు చేతులు మారే దారి రోజూ నడుస్తూనే ఉంది. కథ కూడా వాళ్లదే. సినిమా విడుదలయ్యాక లారీలెక్కి వచ్చి చూసింది కూడా వాళ్లే. 2013లో 'వెరోనికా మార్స్' సినిమా కోసం కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్‌ఫండింగ్ వెబ్‌సైట్‌లో 20 లక్షల డాలర్లు అడిగితే 91,585 మంది కలిసి 57 లక్షల డాలర్లు ఇచ్చారు. అక్కడ కూడా మూడు సీజన్ల టీవీ సీరియల్ చూసి, అది ఆగిపోయిందని బాధపడ్డ ప్రేక్షకులు ముందునుంచీ ఉన్నారు. రెండు చోట్లా డబ్బు అడిగే నాటికే మనుషులు కూడి ఉన్నారు. పేజీ పెట్టేస్తే మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారనుకుని మొదలుపెట్టిన క్యాంపెయిన్ మొదటి వారంలోనే చల్లబడిపోతుంది.

ముందు ఖర్చు సంగతి చూద్దాం. తొలి సినిమా బడ్జెట్‌లో దర్శకుడి దృష్టంతా షూటింగ్ మీదే ఉంటుంది. కెమెరా, లెన్సులు, లైట్లు, లొకేషన్లు, భోజనాలు, రవాణా అన్నీ వివరంగా రాసి, చివర్లో 'పోస్ట్ ప్రొడక్షన్' అని ఒక్క పంక్తి వేసి, మిగిలిన అంకె దాని పక్కన పెడతారు. మేం చూసే బడ్జెట్లలో పెద్ద లోపం ఇదే. చెల్లించాల్సిన నగదులో కనీసం 30 శాతం ఎడిటింగ్ నుంచి డెలివరీ (పూర్తయిన సినిమాను అందించడం) దాకా జరిగే పనులకు, ఇంకో 10 శాతం అనుకోని ఖర్చులకు పక్కన పెట్టండి. ఆ 10 శాతాన్ని షూటింగ్ రోజుల్లో ముట్టుకోవాలంటే దర్శకుడు కాకుండా ఇంకో మనిషి సంతకం కూడా అవసరమయ్యేలా రాసుకోండి. సెట్లో ఉన్న దర్శకుడికి ప్రతి ఖర్చూ తప్పనిసరిగానే కనిపిస్తుంది. అది సహజమే. అందుకే ఆ నిర్ణయం ఒక్కరి మీదే వదిలేయకూడదు.

బడ్జెట్‌ను వెనక నుంచి ముందుకు రాయడం మేం వాడే పద్ధతి. థియేటర్‌లో ఆడటానికి డీసీపీ, అంటే ప్రొజెక్టర్‌లో వేసే చివరి డిజిటల్ కాపీ, కావాలి. దానికి ముందు కలర్ గ్రేడింగ్ (రంగులు సరిచేయడం), ఫైనల్ మిక్స్ (శబ్దాలన్నీ కలపడం), సబ్‌టైటిల్స్ పూర్తవ్వాలి. మిక్స్‌కు ముందు డైలాగ్ ఎడిట్, అవసరమైన చోట డబ్బింగ్, ఫోలీ (అడుగుల చప్పుడు లాంటివి విడిగా రికార్డు చేయడం), నేపథ్య సంగీతం ఉండాలి. వీటన్నిటికీ ముందు ఎడిట్ లాక్ అవ్వాలి, అంటే ఇక కట్స్ మారవని తేల్చుకోవాలి. ఇలా ఒక్కో మెట్టు వెనక్కి వస్తూ ఎవరు చేస్తారు, ఎన్ని రోజులు, ఎంత అని రాస్తే మర్చిపోయినవి బయటపడతాయి.

డేటా నిల్వ అందులో మొదటిది. 90 నిమిషాల సినిమాకు పది రెట్ల ఫుటేజ్ తీస్తే 15 గంటలవుతుంది. అల్ట్రా హెచ్‌డీలో, సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే వీడియో ఫార్మాట్‌లో గంటకు సుమారు 318 జీబీ. అంటే ఒక్క కాపీకే దాదాపు 4.8 టీబీ. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే చోట ఉంచాలన్నది ఈ పనిలో అందరూ పాటించే నియమం. అలా లెక్కేస్తే 14 టీబీ పైమాటే. రెండు కెమెరాలు నడిపితే, ఆ సంగతి చెప్పనక్కర్లేదు. డిస్కులు కొనడానికి డబ్బు లేక రెండో కాపీ తీయకుండానే కెమెరా మెమరీ కార్డులు చెరిపేసి, ఉన్న ఒక్క డిస్క్ పాడైతే ఆ రోజు షూటింగ్ మళ్లీ పెట్టుకోవాలి. అది డిస్క్ ధరకు ఎన్నో రెట్లు. కాపీ చేశాక చెక్‌సమ్‌తో (కాపీ అసలుతో సరిపోయిందో లేదో చూసే లెక్కతో) సరిచూడకుండా కార్డు ఫార్మాట్ చేయొద్దని డేటా చూసే మనిషికి రాతపూర్వకంగా చెప్పండి.

ఫ్రేమ్ రేటు రెండోది. దీనికి డబ్బు పెట్టక్కర్లేదు, మొదటిరోజే అడిగి తెలుసుకుంటే చాలు. డీసీపీకి ఎక్కువగా వాడేది సెకనుకు సరిగ్గా 24 ఫ్రేములు. కెమెరాలో 23.976 పెట్టి తీసి, చివర్లో బొమ్మను మాత్రమే 24కు మార్చి సౌండ్‌ను అలాగే వదిలేస్తే వేగంలో 0.1 శాతం తేడా వస్తుంది. 90 నిమిషాల సినిమా చివరికి వచ్చేసరికి పెదాలకూ మాటకూ మధ్య 5.4 సెకన్ల ఎడం. దాన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. కానీ ఫెస్టివల్ గడువుకు రెండ్రోజుల ముందు బయటపడితే అది కూడా అదనపు ఖర్చే.

సంగీతం హక్కులు మూడోది. అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఇదివరకే ఉన్న పాటను వాడాలంటే రెండు అనుమతులు కావాలి. బొమ్మతో జతచేసుకోవడానికి రచన, స్వరం హక్కులున్నవాళ్ల దగ్గర సింక్ లైసెన్స్, ఆ రికార్డింగ్ హక్కులున్నవాళ్ల దగ్గర మాస్టర్ లైసెన్స్. పాత్ర ఆ పాటను నోటితో పాడినా మొదటిది తప్పదు. డబ్బు తక్కువగా ఉందని చాలామంది ఫెస్టివల్ ప్రదర్శనలకు మాత్రమే లైసెన్స్ తీసుకుంటారు. ఏడాది తిరిగి ఏదైనా ఓటీటీ సంస్థ సినిమా కొంటామంటే అప్పుడు పూర్తి హక్కులకు అడిగే ధర అమ్మకం ధరను మించవచ్చు. పాట తీసేద్దామంటే సీన్ మొత్తం దాని లయకే కట్ చేసి ఉంటుంది. ఫెస్టివల్ లైసెన్స్ తీసుకునే రోజే, తర్వాత అన్ని మాధ్యమాలకూ పొడిగించుకుంటే ఎంత ఇవ్వాలో అదే ఒప్పందంలో రాయించుకోండి. ఆ ధర భరించలేనిదైతే ఆ పాట వదిలేసి కొత్త సంగీతం చేయించుకోండి, సంగీత దర్శకుడితో హక్కుల ఒప్పందం రాసుకుని మరీ.

ఇప్పుడు పేజీ మీద వేసే అంకె. మీకు చేతికి కావాల్సింది 10,00,000 అనుకుందాం, ఏ దేశపు డబ్బయినా సరే. కిక్‌స్టార్టర్ అయితే వచ్చిన మొత్తంలో 5 శాతం తన రుసుము తీసుకుంటుంది, చెల్లింపుల ఖర్చు ఇంకో 3 శాతం పైచిలుకు. ఒక్కో చెల్లింపు మీదా చిన్న స్థిర రుసుము కూడా ఉంటుంది కాబట్టి కలిపి 9 శాతం వేసుకోండి. మాట ఇచ్చి కార్డు పనిచేయక రాకుండాపోయేవి 2 శాతం. రివార్డుల, అంటే డబ్బిచ్చినవాళ్లకు బదులుగా ఇచ్చేవాటి, తయారీకి, పంపడానికి 12 శాతం. మొత్తం 23. చాలామంది 10,00,000కు 23 శాతం కలిపి 12,30,000 అడుగుతారు. కోత పడేది అడిగిన మొత్తం మీద కాబట్టి చేతికొచ్చేది 9,47,100 మాత్రమే. 10,00,000ను 0.77తో భాగించాలి. అప్పుడు అడగాల్సింది 12,98,701, అంటే 13 లక్షలు. ఆ తేడా 53 వేలు ఎక్కడ తగ్గుతాయో మాకు తెలుసు. చివర్లో చేయాల్సిన పనికి, అంటే సౌండ్‌కు.

ఆ 13 లక్షలు ఇచ్చేదెవరన్న లెక్క కూడా ఇదే బల్ల మీద వేయాలి. సగటున ఒక్కొక్కరు 1,500 ఇస్తే 867 మంది కావాలి. పేరు పెట్టి విడిగా అడిగినవాళ్లలో నాలుగో వంతు ఇస్తారని, మెయిలింగ్ లిస్టులో ఉన్నవాళ్లలో 4 శాతం ఇస్తారని మేం లెక్క కోసం వేసుకుంటాం. సోషల్ మీడియాలో అనుసరించేవాళ్లలో ఒక్క శాతం కూడా వేసుకోం. మీకు విడిగా అడగగలిగినవాళ్లు 200 మంది, లిస్టులో 4,000 మంది ఉన్నారనుకోండి. 50, 160 కలిపి 210 మంది. మిగతా 657 మంది ముక్కూమొహం తెలియనివాళ్లు కావాలి. అలా రావడం చాలా అరుదు. ఈ లెక్క చూసి కుంగిపోవద్దు, టార్గెట్ మార్చండి. 210 మంది ఇచ్చేది 3,15,000. దాని మీద ఇంకో మూడో వంతు కొత్తవాళ్ల నుంచి ఆశించడం దురాశ కాదు. కాబట్టి 4,20,000 పెట్టుకోవచ్చు. కోతలు పోగా చేతికి 3,23,400. ఈ డబ్బుతో పూర్తయ్యే పని ఏమిటో వెతకండి. షూటింగ్‌కు వేరే దారి ఉంటే, దీనితో పోస్ట్ ప్రొడక్షన్ మొత్తం అవుతుందేమో చూడండి. లేదంటే అదే ప్రపంచంలోంచి ఒక పదిహేను నిమిషాల లఘుచిత్రం పూర్తిగా తీయగలరేమో చూడండి. దానికి డబ్బిచ్చి, చూసి, నచ్చినవాళ్లే ఫీచర్ ఫిల్మ్‌కు మీ మొదటి లిస్ట్ అవుతారు.

మా గట్టి అభిప్రాయం ఒకటి ఇక్కడ చెప్పాలి. తొలి సినిమాకు క్రౌడ్‌ఫండింగ్ అన్నిటికంటే బాగా పనికొచ్చేది ఎడిట్ దశలో. రఫ్ కట్ (తొలి ఎడిట్) చేతిలో ఉంటుంది, ఇచ్చేవాళ్లకు రెండు నిమిషాల నిజమైన సన్నివేశం చూపించొచ్చు, ఎంత కావాలో కచ్చితంగా తెలుసు, పూర్తికాదేమోనన్న భయం తక్కువ. అయితే ఒక షరతు. ఎడిట్ లాక్ దాకా వెళ్లడానికి డబ్బు చేతిలో ఉంటేనే షూటింగ్ మొదలుపెట్టాలి. సగం షూటింగ్ చేసి, మిగతా సగానికి అడుగుదామనుకుంటే నటుల కాల్షీట్లు, జుట్టు పొడవు, రుతువు, లొకేషన్ యజమాని మనసు అన్నీ మారిపోయి ఉంటాయి.

టార్గెట్ చేరితేనే డబ్బు ఇచ్చే పద్ధతి ఎంచుకోవాలా, ఎంత వస్తే అంత తీసుకునే పద్ధతా అని అడుగుతుంటారు. కిక్‌స్టార్టర్‌లో మొదటిదే ఉంటుంది. ఇండీగోగో ఎంత వస్తే అంత తీసుకునే వీలు కూడా ఇచ్చింది. సినిమాల కోసమే పెట్టిన సీడ్ అండ్ స్పార్క్‌లో టార్గెట్‌లో 80 శాతం చేరితే డబ్బు ఇస్తారు. సామాన్లు అద్దెకు బదులు అరువుగా ఇచ్చేవాళ్ల కోసం అవసరాల జాబితా కూడా పెట్టుకోవచ్చు. షూటింగ్ కోసమైతే మొదటి పద్ధతే ఎంచుకోండి. అడిగినదాంట్లో 40 శాతం చేతికొస్తే సినిమా 40 శాతం పూర్తవదు, కానీ 100 శాతం మందికి మాట ఇచ్చేసి ఉంటారు. వచ్చినంతతో ఏదో ఒక పని నిజంగా పూర్తవుతుందంటే, ఉదాహరణకు సబ్‌టైటిల్స్‌కో ఫెస్టివల్ ప్రవేశ రుసుములకో అయితే, రెండో పద్ధతి పెట్టుకోండి. ఏ ప్లాట్‌ఫామ్ ఏ దేశాల్లో ఉన్నవాళ్లకు ప్రాజెక్టు పెట్టే అవకాశం ఇస్తుందో, ఏ బ్యాంకు ఖాతాకు డబ్బు పంపుతుందో వీడియో తీయకముందే చూసుకోండి.

లాభాల్లో వాటా ఇస్తామని మాత్రం పేజీ మీద రాయకండి. చాలా దేశాల్లో అది పెట్టుబడి సేకరణ కిందకు, సెక్యూరిటీల చట్టాల కిందకు వెళ్తుంది. అమెరికాలో దాని కోసం విడిగా నియమాలు తెచ్చి 2016 మే నుంచి అమలు చేశారు, అది కూడా నమోదైన మధ్యవర్తి వేదికల ద్వారా మాత్రమే. మీ దేశంలో ఏముందో లాయర్‌ను అడిగాకే ఆ మాట ఎత్తండి. అలాగే వచ్చిన డబ్బును ఆదాయంగా లెక్కించే పన్ను పద్ధతి ఉన్నచోట, ఆర్థిక సంవత్సరం చివరి వారంలో డబ్బు అంది ఖర్చు మాత్రం వచ్చే ఏడాదికి పడితే, సినిమా కోసం వచ్చిన డబ్బు మీద పన్ను కట్టాల్సి వస్తుంది. క్యాంపెయిన్ ఏ నెలలో పెట్టాలో అకౌంటెంట్‌ను అడిగి నిర్ణయించండి.

పేజీ తెరవడానికి పన్నెండు వారాల ముందు పని మొదలవ్వాలి. ఆ వారాల్లో ముఖ్యమైనది ఒక షీట్: పేరు, ఇస్తానన్న మొత్తం, ఏ రోజు ఇస్తారు. ఫోన్ చేసి, కలిసి, విడివిడిగా మాట్లాడి నింపాలి. 'తప్పకుండా చూస్తాను' అన్నవాళ్లను ఇందులో రాయకూడదు. అంకె చెప్పినవాళ్లనే రాయాలి. షీట్‌లో మొత్తం టార్గెట్‌లో 30 శాతానికి చేరేదాకా పేజీ తెరవకండి. మొదటి రెండు రోజుల్లో ఆ 30 శాతం పేజీ మీద కనిపిస్తే, మీరెవరో తెలియనివాళ్లు ఆగి చదువుతారు. కిక్‌స్టార్టర్ సొంత లెక్కల ప్రకారం టార్గెట్‌లో 20 శాతం దాటిన ప్రాజెక్టుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా టార్గెట్ చేరాయి. ఖాళీ పేజీకి వచ్చినవాళ్లు మాత్రం మళ్లీ రారు.

గడువు 30 రోజులు చాలు. 60 రోజులకు వీలుంటుంది కానీ, డబ్బు మొదటి వారంలోనూ చివరి నాలుగైదు రోజుల్లోనూ వస్తుంది, మధ్యలో ఎండిపోతుంది. గడువు పెంచితే పెరిగేది ఆ ఎండిన కాలమే. ఎనిమిదో రోజు నుంచి ఇరవై రెండో రోజు దాకా చెప్పడానికి కొత్త సంగతులు మూడు ముందే దాచుకోండి: ఒక నటుడి పేరు, నటులు కూర్చుని స్క్రిప్టు చదివే టేబుల్ రీడింగ్ వీడియో, కొత్త డిజిటల్ రివార్డు, ఏదైనా. ఈ ముప్పై రోజులూ ఒక మనిషి పూర్తిగా ఇదే పని మీద ఉండాలి. ఆ మనిషి దర్శకుడు కాకపోతే మంచిది, స్క్రిప్టు చివరి మార్పులు అదే నెలలో జరుగుతుంటాయి. పేజీ తెరిచిన గంటల్లోనే 'మీకు వెయ్యిమంది మద్దతుదారుల్ని తెస్తాం, ఇంత రుసుము కట్టండి' అని మెసేజ్‌లు వస్తాయి. ఒక్కదానికీ జవాబివ్వకండి.

వీడియో రెండు మూడు నిమిషాలు. కెమెరా గొప్పగా లేకపోయినా పర్వాలేదు, మాట మాత్రం స్పష్టంగా వినపడాలి. వీడియోలో సౌండ్ బాగోలేకపోతే సినిమా సౌండ్ కోసం డబ్బు ఎవరిస్తారు? కథ ఏమిటి, ఎవరు తీస్తున్నారు, ఇదివరకు ఏం తీశారు, ఈ డబ్బు ఏ పనికి. ఈ నాలుగూ ఉంటే చాలు.

చివరి రోజున 90 శాతం దగ్గర ఆగిపోతే తెలిసినవాళ్ల దగ్గర అప్పు తెచ్చి, వాళ్ల పేరుతోనే వేయించి గట్టెక్కుదామనిపిస్తుంది. వద్దు. సొంత ప్రాజెక్టుకు సొంత డబ్బు వేయడాన్ని కిక్‌స్టార్టర్ నియమాలే ఒప్పుకోవు. అదీగాక బడ్జెట్‌లో లేని ఒక అప్పు మొదటిరోజే సినిమా మీద కూర్చుంటుంది. టార్గెట్ చేరినా డబ్బు వెంటనే రాదు. కిక్‌స్టార్టర్‌లో గడువు ముగిశాక సుమారు 14 రోజులు పడుతుంది. కార్డులు విఫలమైనవాళ్లకు సరిచేసుకునేందుకు అందులోనే వారం గడువు. మరుసటి సోమవారం షూటింగ్ పెట్టుకుని అడ్వాన్సులకు చేబదుళ్లు తీసుకోవడం ఇక్కడి నుంచే మొదలవుతుంది. కనీసం నెల విరామం ఉంచండి.

రివార్డుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, సినిమా డబ్బు చాలామందికి ఇక్కడే కారిపోతుంది. టీషర్టుకు ఐదారు సైజులు, ప్రతి సైజులోనూ మిగిలిపోయేవి కొన్ని. పోస్టర్‌కు గట్టి గొట్టం, ఆ గొట్టం బరువుకు తపాలా ఖర్చు, వేరే దేశానికైతే పోస్టర్ ధరకు మించి. దర్శకుడు సంతకం చేసిన వస్తువు వందమందికి ఇవ్వాలంటే డబ్బుతోపాటు దర్శకుడి రోజులు కూడా పోతాయి. అదీ ఎడిట్ జరుగుతున్న రోజులు. వీలైనంతవరకు తూకం లేని రివార్డులు పెట్టండి: స్క్రిప్టు పీడీఎఫ్, స్టోరీబోర్డు పేజీలు, ఎడిటర్‌తో ఆన్‌లైన్ సంభాషణ, సినిమా లింక్, టైటిల్స్‌లో పేరు. వస్తువే పంపాలంటే చిరునామాలు క్యాంపెయిన్ అప్పుడే అడగకండి, పంపే నెలలో అడగండి. ఏడాదిలో మనుషులు ఇళ్లు మారతారు. సినిమాలో చిన్న వేషం, షూటింగ్ చూసే అవకాశం లాంటివి పెట్టేముందు బీమా సంగతి, ఆ రోజు ఆ మనిషిని చూసుకునేదెవరన్న సంగతి రాసుకోండి. అసోసియేట్ ప్రొడ్యూసర్ లాంటి బిరుదులు అమ్మకండి. రేపు నిజంగా పెద్ద మొత్తం తెచ్చే మనిషికి ఇవ్వడానికి విలువున్న పేరంటూ మిగలదు.

టైటిల్స్‌లో పేరు ఖర్చులేనిదనుకుంటారు. 600 పేర్లు మూడు నిలువు వరుసలుగా వేస్తే 200 లైన్లు, చదవగలిగే వేగంలో సుమారు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలకు సంగీతం కావాలి, మిక్స్ చేయాలి. పేర్లు ఎలా రాయాలో ఫారం పంపి, ఎడిట్ లాక్‌కు నెల ముందే తెప్పించుకోండి. డీసీపీ అయ్యాక ఒక్క పేరులో అక్షరం తప్పుందని తెలిస్తే ఆ రీలు మళ్లీ తయారు చేయాలి.

సినిమా లింక్ అన్నిటికంటే న్యాయమైన రివార్డు, కానీ అన్నిటికంటే చిక్కులున్నది కూడా. ఫలానా నెలలో పంపుతామని రాస్తారు. ఆ నెలకు సినిమా ఏదో ఫెస్టివల్ పరిశీలనలో ఉంటుంది. ఎన్నో ఫెస్టివల్స్ తమ దగ్గరే మొదటి ప్రదర్శన కావాలంటాయి. బయటికి పొక్కిన లింక్ ఆ అవకాశాన్ని పోగొట్టవచ్చు. ఆ తర్వాత డిస్ట్రిబ్యూటర్ వచ్చి ఆన్‌లైన్ హక్కులన్నీ తనకే ప్రత్యేకంగా కావాలంటాడు. అప్పుడు 600 మందికి ఇచ్చిన మాటకూ చేతిలో ఉన్న ఒప్పందానికీ పొత్తు కుదరదు. 'వెరోనికా మార్స్'లోనే చూశాం. 2014లో విడుదల రోజున మద్దతుదారులకు ఇచ్చిన డిజిటల్ కాపీ ఒక ప్రత్యేక సర్వీసు ద్వారానే చూడాల్సి రావడంతో చాలామంది చూడలేకపోయారు. వేరే చోట కొనుక్కున్నవాళ్లకు వార్నర్ బ్రదర్స్ డబ్బు తిరిగివ్వాల్సి వచ్చింది. పెద్ద స్టూడియో కాబట్టి ఇవ్వగలిగింది. మీరు పేజీ మీద తేదీ బదులు 'ఫెస్టివల్ ప్రదర్శనలు ముగిశాక, పాస్‌వర్డ్‌తో, మీ పేరు వాటర్‌మార్క్‌గా ఉన్న లింక్' అని రాయండి. డిస్ట్రిబ్యూటర్‌తో ఒప్పందంలో, ఇన్ని వందల మంది క్యాంపెయిన్ మద్దతుదారులకు లింక్ ఇచ్చే హక్కు నిర్మాతకే ఉంటుందని ఒక క్లాజ్ పెట్టించండి. ముందే అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు. సంతకాలయ్యాక అడిగితే అది వాళ్ల దయ.

డిస్ట్రిబ్యూటర్ అడిగే కాగితాలు కూడా మొదటిరోజు నుంచే పోగుచెయ్యాలి: కథ హక్కులు, రచయితతో ఒప్పందం, ప్రతి నటుడి అనుమతి పత్రం, ప్రతి లొకేషన్ అనుమతి, యూనిట్ సభ్యులతో ఒప్పందాలు, మ్యూజిక్ క్యూ షీట్ (సినిమాలో వాడిన సంగీతం జాబితా). ఏడాది తర్వాత, ఒక్క సీన్‌లో కనిపించిన మనిషి కోసం వెతకడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

అడిగినదానికంటే ఎక్కువ వస్తే కొత్త సీన్లు, డ్రోన్ షాట్లు, ఇంకో దేశంలో షూటింగ్ అని ప్రకటించే అలవాటొకటి ఉంది. అదనంగా వచ్చిన డబ్బు కంటే ఆ ప్రకటన తెచ్చే ఖర్చే పెద్దదవుతుంది. ఎక్కువ వస్తే ముందు తక్కువ తీసుకుని పనిచేస్తున్న యూనిట్‌కు ఇవ్వండి, తర్వాత మిక్సింగ్‌కు రోజులు పెంచండి. డబ్బిచ్చేవాళ్లకు కూడా ఇదే చెప్పండి, వాళ్లు సంతోషిస్తారు.

2015లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఈథన్ మాలిక్ కిక్‌స్టార్టర్‌లో డబ్బు పెట్టిన 47 వేల మందికి పైగా ఇచ్చిన సమాధానాలను పరిశీలించి, 9 శాతం ప్రాజెక్టులు ఇస్తామన్నది ఇవ్వలేకపోయాయని చెప్పారు. అన్ని రంగాలూ కలిపిన లెక్క అది. ఆలస్యమైనవి దాంట్లో లేవు. సినిమాల్లో ఆలస్యం సర్వసాధారణం, దానికి జనం కోప్పడరు. ఆరు నెలలు కబురు లేకపోతే కోప్పడతారు. నెలకొకసారి, చెప్పడానికి ఏమీ లేకపోయినా, ఏ పని ఎక్కడిదాకా వచ్చిందో పది పంక్తులు రాయండి. ఆలస్యమైతే ఎందుకైందో, కొత్త తేదీ ఏమిటో, ఆ తేదీ దేనిమీద ఆధారపడిందో రాయండి.

ఇక మా విన్నపంలో అసలు భాగం. సినిమాకు విడిగా ఒక బ్యాంకు ఖాతా, రెండు సంతకాలు. పేజీ మీద ఏ పద్దులు చూపించారో లెడ్జర్‌లో కూడా అవే పద్దులు. క్యాంపెయిన్ రోజే ఒక పట్టిక పెట్టండి: పద్దు, అనుకున్న ఖర్చు, అది ఏ దశలో పడుతుంది, అంచనా ఎవరిచ్చారు. షూటింగ్ ముగిసిన 30 రోజుల్లో అదే పట్టికకు 'అయిన ఖర్చు' అనే వరస కలిపి మద్దతుదారులకు పంపండి. ఎడిట్ లాక్ అయ్యాక మళ్లీ ఒకసారి, డెలివరీ అయ్యాక ఇంకోసారి. భోజనాలకు అనుకున్నదానికి రెట్టింపయితే రెట్టింపయిందనే రాయండి. నటుల, సాంకేతిక నిపుణుల పారితోషికాలు విడివిడిగా చూపక్కర్లేదు, మొత్తంగా చూపితే చాలు. మద్దతుదారుల పేర్లు, చిరునామాలు, ఈమెయిళ్లు ఈ సినిమా పనికి తప్ప ఇంకో పనికి వాడకండి, తర్వాతి సినిమా కబురు పంపడానికైనా వాళ్లను అడిగాకే.

ఇంత చేసినా సినిమా ఆగిపోవచ్చు. నటుడు అనారోగ్యం పాలవచ్చు, భాగస్వామి తప్పుకోవచ్చు. అప్పుడేం చేయాలో కూడా పేజీ మీద మొదటిరోజే రాసిపెట్టండి. పూర్తిచేయలేకపోతే జరిగింది వివరించాలని, డబ్బు ఎలా ఖర్చయిందో చూపాలని, మిగిలినది తిరిగివ్వడానికి ముందుకు రావాలని కిక్‌స్టార్టర్ నియమాలు చెబుతాయి. మీరు ఏ ప్లాట్‌ఫామ్‌లో ఉన్నా ఈ మూడూ రాయండి. ఇంకొకటి చేర్చండి: షూటింగ్ మొదలవ్వకముందే ఆగిపోతే, రుసుములు పోగా ఉన్నదంతా 60 రోజుల్లో ఎవరు ఇచ్చింది వాళ్లకు అదే నిష్పత్తిలో వెనక్కి వెళ్తుంది. షూటింగ్ అయ్యాక ఆగిపోతే, తీసినంత ఫుటేజ్‌తో చేసిన రఫ్ కట్ మద్దతుదారులకు చూపించి, చివరి లెక్క పంపిస్తారు. ఈ రెండు వాక్యాలు రాయడానికి చేయి రాకపోతే, టార్గెట్ అంకె ఇంకా పెద్దదిగా ఉందని అర్థం. దాన్ని తగ్గించి, పట్టిక మళ్లీ వేసి, ఆ తర్వాత పేజీ తెరవండి.

ఇట్లు,
స్వతంత్ర సినిమాల బడ్జెట్, ఎడిటింగ్, సౌండ్ విభాగాల్లో పనిచేసే కొందరం